నేను గెలిచిన ముసుగు

నెల్లిమర్ల దగ్గర బడిలో నేను సైన్సు మాస్టారిని. బాబాల మహిమల గుట్టు విప్పుతూ శనివారాలు నాలుక మీద కర్పూరం వెలిగించి చూపిస్తే పిల్లలంతా నా చుట్టూ మూగేవారు. నిరుడు కొత్తగా వచ్చిన డ్రాయింగ్ టీచరమ్మ వాళ్లకు మెక్సికో ముసుగు కుస్తీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ మల్లుడికి ముసుగే పరువట. ముసుగు పందెంగా కాసిన కుస్తీలో ఓడినవాడు దాన్ని విప్పి గెలిచినవాడికి ఇచ్చేయాలట, ఇక జన్మలో తొడుక్కోకూడదట. పిల్లలు గోనెగుడ్డతో ముసుగులు కుట్టుకున్నారు. నా కర్పూరం దగ్గర ముగ్గురు మిగిలారు.

నాకు కడుపు మండిపోయింది. ఆ మంటకు నేను శాస్త్రీయ దృక్పథమని పేరు పెట్టుకున్నాను.

బడిలో వాళ్ల ముసుగు కుస్తీ ప్రదర్శన రోజున అందరి ముందూ ఆరో తరగతి పైడితల్లి ముసుగు లాగేసి, "చూడండి, లోపల ఉన్నది మన పైడితల్లే! ఏ మహిమా లేదు!" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మహిమ ఉన్నాదని ఎవులన్నారు మేస్టారూ? ఏదైనా అడిగి తెలుసుకోమని మీరే సెప్తారు కదేటి? మరి నన్ను అడక్కుండా లాగీసినారేటండి?"

తల వంచుకుని ముసుగు తిరిగి ఇవ్వబోయాను. వెనక్కి నెట్టేసింది.

"నాకొద్దండి. మీరు గెల్సినారు. ఇంక అది మీదే."

వాదాల్లో చాలామందిని ఓడించాను. వాటి గుర్తుగా నా దగ్గర ఏమీ లేదు. పదకొండేళ్ల పిల్లను ఓడించినందుకు మాత్రం, కర్పూరం డబ్బా పక్కన ఆ గోనె ముసుగు ఉంది.