ఊపిరికి సరిపడా కరెంటు

మా చిన్న తమ్ముడు పోయాడు. మొన్న గురువారం పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ మస్కట్‌లో, రూవిలోని తన రూమ్ మెట్ల మీదే కూలబడ్డాడట. అక్కడికి దగ్గర్లోనే, సీబ్‌లో మా ఇంట్లో నేను దీపం పెట్టి లేస్తుండగా ఫోన్ వచ్చింది. ముగ్గురిలో పెద్దదాన్ని నేను. చివరివాడు ముందు వెళ్లాడు.

వాడు ఎలక్ట్రీషియన్. ఎవరింటికి వెళ్లినా గోడకున్న చార్జర్‌ను ముందు అరచేత్తో తాకి చూసేవాడు, పిల్లల నుదురు చూసినట్టు. "వేడెక్కిందంటే మనల్ని పిలుస్తోందన్నమాట అక్కా" అనేవాడు. వాచీ పట్టీకి ఎప్పుడూ నల్ల టేపు ముక్కలు అంటించుకుని ఉండేవాడు. మా అమ్మాయి పెళ్లి ఫొటోల్లోనూ అవి కనిపిస్తాయి.

మా వారికి ఆయాసం. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మిషనుకి ప్లగ్గు లేనిచోటికి రానని ఎక్కడికీ కదిలేవారు కాదు. అది చూసి తమ్ముడు, కారు వెనక తగిలించుకునే పాత ట్రైలర్ ఒకటి సంపాదించి, అందులో బ్యాటరీ పెట్టి, దాంతో నడిచే చిన్న ఇన్వర్టర్ బిగించాడు. "పదండి బావా, మీ ప్లగ్గు మీ వెంటే వస్తుంది" అన్నాడు. స్విచ్ పక్కన కాగితం అంటించాడు: ఫోన్లు, చిన్న లైటు, బావ మిషను. ఇంకేమీ వద్దు. రెండు చలికాలాలు మేం చూసిన సముద్రమంతా వాడి చలవే.

ఒక కార్తీకంలో తమ్ముడూ మేమిద్దరం అల్ సువైక్ ఊరు దాటి సముద్రం ఒడ్డున ఆగాం. తెల్లవారాక స్నానం చేసి నైవేద్యం వండబోతే గాలికి గ్యాస్ స్టవ్ మంట నిలవలేదు. గుప్పెడు బియ్యమేగా, ఎంత కరెంటు తింటుందిలే అని చిన్న రైస్ కుక్కర్ ప్లగ్గులో పెట్టాను. ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. బ్యాటరీ వైరులో ఫ్యూజు కాలిపోయింది. ఇంకొకటి లేదు. అంతలోనే మా వారికి ఆయాసం ఎక్కువైంది.

తమ్ముడు నన్ను కోప్పడలేదు. ఇన్వర్టర్ విప్పి, బానెట్ ఎత్తి, కారు బ్యాటరీకి తగిలించాడు. నేను కుక్కర్ పట్టుకుని దండం పెట్టుకుంటూ నిలబడ్డాను.

"గుప్పెడు వండినా కుండెడు వండినా దాని ఆకలి ఒకటే అక్కా. దేవుడు ఆగుతాడు, బావ ఆగలేడు. ముందు ఆ మిషను ఇలా ఇవ్వు."

ఇన్నేళ్లుగా పూజ చేసుకుంటున్నాను. ఆ మాటకు లోలోపలే నమస్కరించాను.

ఆయన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, కిటికీలోంచి వైరు లాగాం. మిషను మోగింది. మాస్కులో తెల్లటి ఆవిరి కదిలింది. మందు అయ్యేదాకా తమ్ముడు ఇంజన్ ఆపలేదు. స్టీరింగ్ మీద ఒక చెయ్యి వేసి, మెడ వెనక్కి తిప్పి, ఆయన భుజాలు ఎగసిపడటం చూస్తూ, తనూ వాటితోపాటే ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ భుజాలు నిదానించాయి. ఇక చాలని ఆయన చెయ్యెత్తారు. వాడు మాత్రం ఇంకో నిమిషం అలాగే చూస్తూ ఉన్నాడు.