సుమత్రా ఒడ్డున అక్క వాళ్ళ ఊరు

ఖతార్‌లో, దోహా పక్కన అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో నేను పనికి చేరిన రోజున, వంటింట్లో ఒకావిడ మూకుట్లో కొబ్బరి కోరు వేయిస్తోంది. ఎర్రబడినా దించదు. మాడిపోతోందని నేనే వెళ్ళి పొయ్యి కట్టేశాను. ఆవిడ నావైపు ఓసారి చూసి, మళ్ళీ వెలిగించింది. తర్వాత ఆ కొబ్బరిని నూనె దిగేదాకా దంచి మాంసం కూరలో కలిపింది. సాయంత్రం నాకూ కొంచెం పెట్టింది. మాది కోనసీమ. కొబ్బరి గురించి నాకు ఒకరు నేర్పాల్సింది ఏమీ లేదనుకునేదాన్ని. ఆ కూర తిన్నాక ఆ మాట మళ్ళీ అనుకోలేదు.

ఆవిడది ఇండోనేషియాలో సుమత్రా దీవి, పడమటి ఒడ్డు. తమని మినాంగ్‌కబావ్ జనం అంటారని చెప్పింది. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అక్కా అని పిలిస్తే అర్థం అడిగి తెలుసుకుని, నన్ను చెల్లీ అనడం మొదలుపెట్టింది. మా ఇద్దరి మధ్యా నడిచింది వంటింటి అరబ్బీ, డ్రైవర్ దగ్గర నేర్చిన నాలుగు హిందీ ముక్కలు, మిగతాది చేతులు. ఇక్కడ ఆవిడ మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ ఒక్కో మాటా అర్థం కావడానికి మాకు చాలాసేపు పట్టేది.

ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. మేడ మీద బట్టలారేస్తుంటే ఎటు చూసినా క్రేన్లు, దుమ్ము. మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళు పడుకున్నాక ఇద్దరం ఇస్త్రీ చేసుకుంటూ కూర్చునేవాళ్ళం. అక్క తన ఊరి గురించి చెప్పేది అప్పుడే.

ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో ఒక్కటే రోడ్డు. రోడ్డు వెంట ఒక వరస రేకుల ఇళ్ళు. ఇళ్ళ ముందు వెదురు తడికల మీద నెత్తళ్ళు ఎండుతుంటాయి. ఏరు సముద్రంలో కలిసే చోట పడవలు లాగి పెట్టుకుంటారు. పొద్దున్నే ఒడ్డు నుంచి పెద్ద వల లాగుతారు, తాడు పట్టిన ప్రతివాళ్ళకీ చేపలు ఇస్తారు, ఆడవాళ్ళకైనా సరే. మా వైపు అలివి వల లాగినట్టే. మగవాళ్ళు మాత్రం వల పని అయ్యాక కాఫీ కొట్లో చేరితే మధ్యాహ్నం నమాజుకి గానీ లేవరని నవ్వేది. వాళ్ళ పూర్వీకులు కొండల అవతలి నుంచి దిగి వచ్చారట. అక్కడి పాత ఇళ్ళకి కప్పులు గేదె కొమ్ముల్లా పైకి వంగి ఉంటాయట.

"మీ ఇల్లు ఎవరిది? మీ నాన్నదా?" అని అడిగాను ఒకరోజు.

"మా అమ్మది. అంతకుముందు అమ్మమ్మది. ఇప్పుడు నాది. నా తర్వాత నా కూతురిది."

"మరి మగవాళ్ళు?"

"పెళ్ళయితే పెళ్ళాం ఇంటికి వెళ్తారు. లేదంటే వేరే ఊళ్ళకి పోయి సంపాదించుకుంటారు."

"మీ ఆయన?"

"వచ్చాడు. కొన్నేళ్ళు ఉన్నాడు. వెళ్ళిపోయాడు. పెట్టె సర్దుకున్నది ఆయన, నేను కాదు."

నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. మా ఆయన పోయాక అత్తవారు నన్ను పుట్టింటికి పంపేశారు. అన్నయ్య కాదనలేదు, వదిన మాటా అనలేదు. ఎరువుల బస్తాలు వేసే గది ఖాళీ చేసి ఇచ్చారు. కానీ చుట్టాలు వచ్చినప్పుడల్లా నా మంచం వసారాలోకి వచ్చేది. ఎవరూ తీయమనక ముందే నేనే తీసుకొచ్చి వేసుకునేదాన్ని. ఖతార్‌కి వచ్చింది కూడా సగం ఆ మంచం మోయలేకే.

ఆ రోజు నుంచి నేనే అడిగి అడిగి చెప్పించుకునేదాన్ని. వంటగట్టు మీద పిండి చల్లి వేలితో ఊరు గీసి చూపించింది. మసీదు దాటాక మూడో ఇల్లు, నీలం కిటికీ. పని చేసుకుంటూ మనసులో ఆ రోడ్డు మీద నడిచేదాన్ని. ఒకసారి పరీక్షలా దారి చెప్పమంది. చెప్పాను. "అటు వెళ్తే ఏట్లో పడతావు" అంది.

అలా ఏళ్ళు గడిచి, ఫుట్‌బాల్ పోటీలకి ఇంకా కొన్ని నెలలుండగా ఒక మధ్యాహ్నం ఫోన్లో వార్త చూసింది అక్క. వాళ్ళ ఒడ్డున భూకంపం. ఫోన్లు కలవలేదు. యజమానురాలిని మేం మామా అనేవాళ్ళం, అక్కడ అమ్మా అన్నట్టు. ఆవిడ వచ్చి కూర్చోమన్నా అక్క కూర్చోలేదు. అవసరం లేని ఉల్లిపాయలు బుట్టెడు తరిగింది. మర్నాడు కూతురు ఫోన్ చేసింది. సముద్రం పైకి వస్తుందేమోనని ఊరంతా కొండెక్కారట. సముద్రం రాలేదు. ఇంటి వెనక గోడ, వంటిల్లు కూలిపోయాయి. మనుషులు క్షేమం.

అక్క మామా దగ్గరికి వెళ్ళి ఇంటికి పోతానంది.

"మ్యాచ్‌లకి చుట్టాలు వస్తున్నారు. అవి అయ్యేదాకా ఉండు, నేనే పంపిస్తాను" అంది మామా.

అక్క తలెత్తి నెమ్మదిగా అంది. "మామా, అది నా ఇల్లు. నేను నిలబడి కట్టించుకోవాలి."

బైత్ మాల్ అనా. మేం మాట్లాడే వంకర అరబ్బీలో నా ఇల్లు అనడానికి అవే మాటలు. గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఏ భాషలోనూ నేను అనలేని మాట. మామా వారంలో టికెట్ తెప్పించింది.

వెళ్ళేముందు అక్క నా చెయ్యి పట్టుకుని "నువ్వూ రా" అంది.

"నన్ను ఎవరు రానిస్తారక్కా?"

"ఆ ఇంట్లోకి ఎవరు రావాలో చెప్పేది నేనే కదా."

పోటీలు వచ్చాయి. వీధి నిండా జెండాలు, ఇంటి నిండా అతిథులు, నాకు చేతి నిండా పని. పిల్లలు మొహాలకి రంగులు పూసుకుని తిరుగుతుంటే నాకూ సరదాగానే ఉండేది. మధ్యమధ్యలో అక్క గొంతు ఫోన్లో వచ్చేది, వెనకాల సుత్తి దెబ్బలు, కోళ్ళు. గోడ పూర్తయ్యాక కూతురు రోడ్డు పొడుగునా నడుస్తూ వీడియో తీసి పంపింది. మసీదు నేననుకున్న వైపు లేదు. కిటికీకి ఆకుపచ్చ రంగు వేశారు. ఇన్నేళ్ళూ మరేదో ఊళ్ళో నడిచానన్నమాట. అయినా ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో.

మరుసటి ఏడు నేనూ వచ్చేశాను. అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. అమలాపురంలో ఒక గది అద్దెకి తీసుకుని హాస్టల్లో వంట చేస్తున్నాను. పోయిన వేసవిలో అక్క ఫోన్ చేసింది, కూతురి పెళ్ళని. వాళ్ళలో ఆడపెళ్ళివారే వెళ్ళి పెళ్ళికొడుకుని తీసుకొస్తారట. "ఆ వెళ్ళే ఆడవాళ్ళలో నువ్వుండాలి చెల్లీ" అంది.

నా పాస్‌పోర్ట్ గడువు అయిపోయింది. ఫోటోలు తీయించుకుని కొత్తదానికి పెట్టాను. పెళ్ళి నాటికి రాలేదు. తర్వాతి నెలలో పోస్ట్‌మ్యాన్ ఇచ్చి వెళ్ళాడు. బీరువాలో చీరల కింద ఉంది. వచ్చిందని అక్కకి ఇంకా చెప్పలేదు. చెబితే ఎప్పుడొస్తావని అడుగుతుంది.