రావలసిన రెండు దినాలు

ఇది మొదలైంది మూడేళ్ల కిందట, జ్యేష్ఠ మాసంలో ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకు. నీళ్ల తొట్టి దగ్గర కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆ సమయానికి మనవరాలు నా చంకలో లేదు, అంతవరకు నయం. అప్పుడే ఆమెను చాప మీద పడుకోబెట్టి వచ్చాను.

మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్లు, పందొమ్మిది కిలోలు. నడవలేదు, కూర్చోలేదు, మాట రాదు. పుట్టేటప్పుడు మెదడుకు గాలి అందలేదని డాక్టర్లు చెప్పారు. ఆమెకు రెండేళ్లు నిండకముందే అల్లుడు వెళ్లిపోయాడు. మేముండేది బుక్కరాయసముద్రంలో. నా కూతురు అనంతపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పొద్దున ఏడు గంటల బస్సుకు పోయి, చీకటి పడ్డాక వస్తుంది. అంతవరకు ఆ పిల్లను ఎత్తడానికి, కడగడానికి, గంజి తాపడానికి ఉన్నవి నా రెండు చేతులే. ఆ మంగళవారం అందులో ఒకటి పోయింది. నాకు అరవై ఎనిమిది. కట్టు ఆరు వారాలకు విప్పుతామన్నారు. నేనే పోతే ఈ పిల్లను ఎవరు ఎత్తుతారన్నది మాత్రం ఆరు వారాల్లో తేలేది కాదు.

చుట్టాలు వచ్చారు. చీనీకాయలు తెచ్చారు. చాప వైపు చూసి నిట్టూర్చారు. ఒక్కరూ పిల్లను ముట్టుకోలేదు.

శుక్రవారాల్లో మా ఊరి బడిలోని ఒక గదిలో ఇలాంటి పిల్లలకు కాళ్లూ చేతులూ వంచి వ్యాయామం చేయించేవారు. అప్పటికి నాలుగేళ్లుగా వెళ్తున్నాను. వరండాలో ఆడవాళ్లం వరుసగా కూర్చునేవాళ్లం, ఎవరి పిల్లను వాళ్లు పట్టుకుని. ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ శుక్రవారం కూతురు సెలవు పెట్టి పిల్లను మోసుకొచ్చింది. కట్టుతో ఉన్న నా చేతిని పక్కనున్నామె తేరిపార చూసింది.

"ఏమవ్వా, చేయి ఎవురు ఇరగ్గొట్నారు? కోడలా?"

"నాకు కోడలు లేదు. తొట్టికాడ పడినా."

"తొట్టికి గూడా నీ మీద కోపమేనా. మరి పాపను ఎవురు సూసుకుంటాండారు?"

"ఈ పొద్దు నా కూతురు. రేపు దేవుడు."

"దేవునికి గంజి తాపేది యాడ తెలుస్తాది. నేనొస్తాలే, ముయ్యికి."

ముయ్యి అంటే మా వైపు చేల పద్ధతి. కలుపు తీసేటప్పుడో శెనక్కాయ పీకేటప్పుడో ఈ రోజు నీ చేనికి నేను వస్తే, రేపు నా చేనికి నువ్వు రావాలి. కూలి ఉండదు. దినానికి దినం. ముయ్యి ఎగ్గొట్టిన ఇంటికి మళ్లీ ఎవరూ పోరు.

"బిడ్డలకు ముయ్యి యాడన్నా ఉందా పాపా?" అన్నాను.

"శెనక్కాయలకు ఉండేది బిడ్డలకు ఉండకూడదా?"

ఆమెది మడకశిర వైపు. మాటలో సగం కన్నడం. మొగుడు గొర్రెలు మేపుకుంటూ వచ్చి మా వీధి చివర గది బాడుగకు తీసుకున్నాడు. కొడుకుకు పదమూడేళ్లు, బుద్ధి నాలుగేళ్ల పిల్లవాడిది, మూర్ఛ వస్తుంది. మా మాటలు వింటున్న ఇంకొకామె, "నన్నూ కలుపుకోండక్కా" అంది. వాళ్ల చిన్నవాడు ఒకచోట నిలవడు. తలుపు తీసి ఉంటే రోడ్డు మీదే ఉంటాడు.

అలా మూడు ఇళ్లయ్యాం. ఎవరు ఎవరికి ఎన్ని దినాలు తీర్చాలో నేను నోటితోనే లెక్క పెట్టేదాన్ని, శుక్రవారం వరండాలో చెప్పేదాన్ని. అరపూటను కూడా వదిలేదాన్ని కాదు.

"యముడొచ్చినా లెక్క సూపిచ్చి ఎనక్కి పంపిచ్చేట్టుండావు కదవ్వా," అనేది గొర్రెలామె.

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక పెండ్లిలో భోజనం దాకా కూర్చున్నాను. నా కూతురు ఒక ఆదివారం మధ్యాహ్నం నిద్రపోయింది. గొర్రెలామె కొడుకుకు మూర్ఛ వస్తే ఏం చేయాలో మూడు ఇళ్లలోనూ అందరికీ తెలుసు. పక్కకు తిప్పాలి, మొలతాడు వదులు చేయాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, పక్కనే కూర్చోవాలి. వాడు మా ఇంటికి వస్తే చాప పక్కనే పడుకుని, గొర్రెలను పిలిచినట్టు నాలుకతో టక్కు టక్కుమనేవాడు. నా మనవరాలు మెడను మెల్లగా వాడి వైపు తిప్పేది. అంతకు ముందు ఆమె ఎవరి వైపూ తిప్పలేదు, నా వైపు కూడా.

మరుసటి ఏడు వాన రాలేదు. శెనక్కాయ ఊడ మట్టిలోకి దిగి కాయ పట్టకముందే చేలు మాడిపోయాయి. మొదట చిన్నవాడి తల్లి గుమ్మఘట్ట దగ్గర పుట్టింటికి పోయింది. పోయేముందు లెక్క సరి చేసుకుంది. తర్వాత గొర్రెలకు మేత లేక గొర్రెలామె మొగుడు మందను అమ్మేశాడు. బెంగళూరులో కట్టడం పని దొరికిందట, ఇద్దరికీ.

అప్పటికి ఆమె నాకు నాలుగు దినాలు తీర్చాలి.

"ముయ్యి పెట్టుకోని ఊరు దాటకూడదవ్వా," అని మూటలు కట్టి పెట్టి, నాలుగు రోజులూ వచ్చింది. నా మనవరాలికి తల అంటింది, గోళ్లు తీసింది. నాలుగో రోజు సాయంత్రం గంజి గిన్నె కడిగి బోర్లించి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంది.

"తీరిపాయ కదవ్వా?"

తీరింది. అంతవరకు నేను జీవితంలో తప్పు లెక్క చెప్పలేదు. అయితే లెక్క తీరిన ఇంటికి మళ్లీ రావలసిన పని ఉండదు.

"ఇంకా రెండు దినాలుండాయి," అన్నాను.

ఆమె నన్ను చూసింది. చాప మీద ఆమె కొడుకు వేలు నా మనవరాలి గౌను అంచుకు చుట్టుకుని ఉంది. దాన్ని మెల్లగా విడిపించింది.

"నీ లెక్క తప్పదు కదవ్వా," అంది. "రెండు దినాలుండాయి. వచ్చి తీరుస్తా."

ఆదివారాలు ఫోను చేసేది. పగలంతా వాడిని రేకుల షెడ్డులో ఉంచి పనికి ఎక్కేదట. చుట్టూ మనుషులున్నారట, ఎవరి పని వాళ్లది.

"ఈడ ముయ్యి అంటే తెల్దవ్వా. ఒక పూట సూసుకోమంటే దుడ్లు అడుగుతాండారు."

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం, ఆమె మూడో అంతస్తులో సిమెంటు గంపలు అందిస్తుండగా వాడికి మూర్ఛ వచ్చింది. చూసినవాళ్లు చేతిలో తాళంచెవులు పెట్టారట. నోట్లో నీళ్లు పోశారట. పక్కకు తిప్పినవాళ్లు లేరు. ఆమె కిందికి వచ్చేసరికి అయిపోయింది. ఫోనులో ఇంతే చెప్పింది.

మాఘంలో ఒక పొద్దున, మొదటి బస్సు దిగి మా గడపలో నిలబడింది. చేతిలో ఒక సంచి.

"రెండు దినాలుండాయి కదవ్వా."

"పాపా, ఆ రెండు దినాలు..."

"తెలుసులే," అని నా ఒడిలోంచి మనవరాలిని తీసుకుంది.

రెండు రోజులూ నీళ్లు పోసింది, జుట్టు దువ్వింది, గంజి తాపింది. ఆమె గొంతు వినగానే మనవరాలు మెడ తిప్పింది. ఆమె వైపు కాదు, ఆమె వెనక గడప వైపు. ఆ రెండు రోజులూ అటే చూసింది. అది గమనించి ఆమె తలుపు వేసింది. కాసేపటికి తనే మళ్లీ తీసింది.

రెండో సాయంత్రం గిన్నె కడిగి బోర్లించింది. తీరిందా అని అడగలేదు. ఈసారి చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. బస్సు స్టాపు దాకా వెళ్లలేకపోయాను, ఇంట్లో పిల్లను చూసేవాళ్లు ఎవరూ లేక.

లెక్క ఇది. ముయ్యికి ఉన్న ఇళ్లు మూడు, మిగిలింది ఒకటి. పిల్లలు ముగ్గురు. ఒకడు గుమ్మఘట్ట దగ్గర, ఒకతె ఈ చాప మీద, ఒకడు లేడు. పగలు ఎత్తేవాళ్లు ముగ్గురం, ఇప్పుడు నేను. నా కుడి మణికట్టు పూర్తిగా వంగదు. మనవరాలు ఇరవై ఆరు కిలోలు. ఎవరు పిలిచినా మెడ తిప్పదు. నాకు రావలసిన దినాలు, ఏమీ లేవు.