ఏసోబన్న రెండో సాక్ష్యం

మన దేహంలోని ప్రతి నాళాన్నీ అల్లి, కంటికి కనబడని చోట కూడా మనల్ని కాపాడుతున్న దేవునికి స్తోత్రం.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నేను హన్మకొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో సీటీ స్కాన్ సీనియర్ టెక్నీషియన్‌ని. స్కాన్ తీయడం వరకే నా పని. చూసి రిపోర్టు రాసేది రేడియాలజిస్ట్ డాక్టరమ్మ.

మా సంఘస్థుడు, పరకాల రైతు ఏసోబన్నకు కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బింది. హైదరాబాదులో తొడ దగ్గరి నాళం గుండా స్టెంటు గొట్టం పంపి, రక్తం దాని లోపలి నుంచే పారేలా చేశారు. బయట ఉబ్బు సంచి మిగిలే ఉంటుంది. అందులోకి మళ్లీ రక్తం చేరితే పెరిగి పగిలిపోవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి ఏటా స్కాన్ తీసి చూడాలి. మొదటి నెల స్కాన్ బాగుంది. ఆ ఆదివారమే ఆయన మందిరంలో స్వస్థత సాక్ష్యం చెప్పాడు. ఏడాది స్కాన్‌కు మాత్రం రాలేదు.

రెండు నెలలు చూసి, ఆరాధన అయ్యాక ఎందుకు రాలేదని అడిగాను.

“తమ్మీ, దేవుడు బాగుజేసిండని సంఘం ముందట చెప్పిన. మళ్ల మిషన్ల పండుకుంటే నా సాక్ష్యం అబద్ధం గాదా?” అన్నాడు.

పక్కనే ఉన్న ఆయన భార్య రూతమ్మ అందుకుంది. “బర్రెకు నయమైనంక గూడ మూడుసార్లు డాక్టర్‌కు సూపెట్టిండు. ఈయన కడుపు మాత్రం సూపెట్టడట.”

నేను అన్నాను: “అన్నా, బాగైన కుష్ఠరోగిని యాజకునికి సూపించుకొమ్మని పంపింది ప్రభువే గదా. అది అవిశ్వాసమైతే ఎందుకు పంపుతడు?”

ఆయన అడిగాడు: “గట్లయితే నువ్వు యాజకునివా?”

“యాజకురాలు లోపలుంటది. నేను తలుపు తీసేటోన్ని.”

ఆ గురువారమే వచ్చాడు. కిడ్నీల రక్తపరీక్ష చూసుకొని మొదలుపెట్టాం. పారే రక్తాన్ని స్కాన్‌లో తెల్లగా చూపించే మందు లేకుండా ఒకసారి, ఆ మందు ఎక్కించగానే ఒకసారి తీశాను. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆయన లేవబోతుంటే ఆపి, కొంచెం ఆగి మూడోసారి తీశాను. నెమ్మదిగా కారే రక్తం అందులోనే పట్టుబడుతుంది. స్టెంటు బయట, సంచిలో సన్నగా తెల్లని మరక కనిపించింది. డాక్టరమ్మ పాత స్కాన్‌తో కొలిచి చూస్తే సంచి ఏడు మిల్లీమీటర్లు పెరిగింది. పక్క నాళం ఒకటి వెనక్కి, సంచిలోకి పారుతోంది. హైదరాబాదు పంపితే సన్నని గొట్టం లోపలికి పంపి ఆ నాళాన్ని మూసేశారు. తర్వాతి స్కాన్‌లో మరక లేదు.

ఏసోబన్న రెండోసారి సాక్ష్యం చెప్పాడు. ఈసారి చివర్లో, వచ్చే ఏడు స్కాన్ ఏ రోజో కూడా చెప్పాడు. సంఘమంతా ఆమేన్ అంది.

నేను నేర్చుకున్నది ఇది: రోగికి నొప్పి లేదన్న మాట స్కాన్‌కు బదులు కాదు, మూడోసారి తీయకుండా ఇలాంటి స్టెంటు ఉన్న రోగిని బల్ల మీది నుంచి లేపకూడదు. బాగయ్యామని స్కాన్ తేదీ దాటించిన వారందరి కోసం మీరూ నాతో కలిసి ప్రార్థించండి.