పాండాలు రాని వెదురుతోట

నా ప్రయాణానికి కారణం మా బావ నోరు. బావ అబూదాబీలో ఒక స్థానిక పెద్దమనిషి ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడివాళ్లు ఆయన్ని అర్బాబ్ అంటారు, అంటే యజమాని అని. ఆయనకు అల్ ఐన్ ఊరి చివర సొంత జంతువుల తోట ఉంది. జింకలు, చిరుతలు, రంగురంగుల పిట్టలు అన్నీ ఉన్నాయి, పాండాలు మాత్రం లేవు. చైనా నుంచి ఒక జంటను ఒక్క చలికాలానికి తెప్పించాలని ఆయన ముచ్చటపడ్డాడు. పాండాకు వెదురే అన్నం కాబట్టి రెండేళ్ల ముందే ఇసుకలో మట్టి పోయించి వెదురు వేయించాడు. తీరా పంపేవాళ్లు, ఆకుకు తెగులేమీ లేదని తెలిసినవాళ్లు చూసి చెప్పాలన్నారు. "మా బావమరిది వెదురు డాక్టరే" అని బావ అనేశాడు. నాకు ట్రంకు కాల్ చేసి, "టికెట్టు వాళ్లదే, బయల్దేరు" అన్నాడు.

బావ మాటలో అబద్ధం లేదు. నేను వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్లు చెప్తాను, నా పరిశోధన అంతా వెదురాకు మీద బతికే బూజుల గురించే. ఈ మాట చెప్తే నవ్వనివాళ్లు తక్కువ. కాని ఎంత నిగనిగలాడే ఆకైనా ఒంటరిగా ఉండదు. పైన మసిలాంటి బూజు, చుక్కల బూజు, లోపల కంటికి కనబడకుండా కాపురం చేసే బూజు, అన్నీ ఉంటాయి. ఎక్కువ భాగం ఎవరికీ హాని చెయ్యవు. పాండా వాటన్నిటితో కలిపే ఆకును నమిలి మింగుతుంది. ఇంత తెలిసిన నేను పాండాను మాత్రం బొమ్మల్లోనే చూశాను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం సికింద్రాబాదులో బొంబాయి రైలెక్కాను. అక్క కోసం గోంగూర పచ్చడి, నా కోసం భూతద్దం, కాగితం కవర్లు పెట్టుకున్నాను. మర్నాడు బొంబాయిలో దిగి, ఒక ఉడిపి హోటల్లో ఇడ్లీ తిని, సాయంత్రం విమానం ఎక్కాను. పక్క సీటు కోరుట్లాయన సెలవు ముగించుకుని వెళ్తున్నాడు. "దుబాయ్ అంటె ఎండ అనుకుంటరు గని సారు, ఏసీల కూసోపెడితె సలికి సస్తం, మఫ్లర్ తెచ్చుకున్నరా?" అని అడిగాడు. తెచ్చుకోలేదు. ఆయన చెప్పినట్టే బావ ఇంట్లో ఏసీ గాలికి రెండో రోజుకే జలుబు పట్టి ముక్కు మూసుకుపోయింది.

గురువారం పొద్దున్న ఏడు గంటలకు అబూదాబీలో టాక్సీ అడ్డాకు వెళ్లాను. అల్ ఐన్‌కు అయిదుగురు నిండితే బండి కదులుతుంది. డ్రైవరు పఠాన్. మఫ్రఖ్ దాటేదాకా రోడ్డు పక్కన కూలీల రేకుల షెడ్లు, తాళ్ల మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. ఆ తర్వాత ఇసుక, ఇసుక మధ్య నీళ్ల గొట్టాలు పెట్టి పెంచిన చెట్లు. తొమ్మిదిన్నరకు అల్ ఐన్‌లో దిగి చాయ్, పరోటా తిన్నాను. ఊరు ఖర్జూరపు తోటలతో కళ్లకు చల్లగా ఉంది. వెళ్లేవాళ్లు చలికాలంలోనే వెళ్లడం మంచిది.

తోట ముదీర్, అంటే మేనేజరు, సూడాన్ దేశస్థుడు, తెల్లటి తలపాగా, చక్కటి ఇంగ్లీషు. ఆయన నన్ను "డాక్టర్, డాక్టర్" అంటూ వెదురు దగ్గరకు తీసుకెళ్లాడు. నలభై యాభై పొదలు బారుగా, తలెత్తి చూసేంత ఎత్తున ఉన్నాయి. ఆ ఇసుకలో అంత పచ్చదనం పెంచిన చేతులు ఎవరివో అనుకున్నాను. ఆ చేతులవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. పేరు పోచయ్యట, ముదీర్ చెప్పాడు. సన్నటి మనిషి, భుజం మీద తడిగుడ్డ. నా కోసం ఒక గెడను వంచి పట్టుకుని మెల్లగా అడిగాడు.

"సారు, మీరు మనోళ్లేనా?"

నేను తెలుగువాణ్నే. కాని ఆ క్షణాన ముదీర్ ముందు విదేశం నుంచి వచ్చిన నిపుణుణ్ని. తోటమాలి భాషలో మాట్లాడితే పరువు తగ్గుతుందని నాకెందుకు అనిపించిందో ఇప్పటికీ అర్థం కాదు. "యెస్, యెస్" అని ముదీర్ వైపు తిరిగాను. పోచయ్య ఆకు చూపించి ఇంకేదో చెప్పబోయాడు. చేత్తో ఆగమన్నాను.

ఆకుల మీద బంగారు రంగు పొడి ఉంది. భూతద్దం పెట్టి చూశాను, రుమాలుతో తుడిస్తే అంటుకుంది. వెదురుకు తుప్పు తెగులు అని ఒకటి వస్తుంది, అదీ ఇదే రంగులో పొడి రాలుస్తుంది. అది ఆకు అడుగున మొదలవుతుంది, ఇక్కడ పొడి పైన ఉంది. సూక్ష్మదర్శిని కింద పెట్టందే పేరు చెప్పకూడదని ఏటేటా పిల్లలకు నేనే చెప్తాను. కాని ముదీర్ "దీని పేరేమిటి?" అని అడిగాడు. నేను లాటిన్ పేరు చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ ఊపు నాకు ఎంత బాగుందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

"ఎలా వచ్చింది?" అన్నాడు ముదీర్.

"తోటమాలి చేతుల మీదుగా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతుంది. అన్నీ కొట్టించి తగలబెట్టడమే దారి" అన్నాను. పుస్తకంలో వాక్యం అది. పోచయ్యకు ఇంగ్లీషు రాదు. గెడ పట్టుకుని నా ముఖంలోకే చూస్తున్నాడు.

బిర్యానీ పెట్టి, కారులో టాక్సీ అడ్డా దాకా దింపారు. సాయంత్రానికి అబూదాబీ చేరాను. అన్నం తిని కూర్చున్నాక స్నానాలగదిలోంచి అక్క పిలిచింది.

"ఒరేయ్, ఈ రుమాలుకి పసుపెక్కడ అంటిందిరా? సబ్బు పెట్టగానే ఎర్రబడిపోయింది."

వెళ్లి చూశాను. నురగలో ఎర్రటి మరకలు. మాది దుగ్గిరాల పక్క ఊరు. పసుపు కొమ్ములు ఉడికే వాసనలో పెరిగినవాణ్ని, పసుపు బట్టకు సబ్బు తగిలితే ఎరుపెక్కుతుందని అ ఆలు రాకముందే తెలుసు. జలుబు వల్ల వాసన తెలియలేదని సర్దిచెప్పుకోవచ్చు. కాని నోటికి జలుబు లేదు కదా, ఒక్క ప్రశ్న అడిగితే పోయేది.

విషయం చెప్పగానే బావ ముఖం మాడిపోయింది. "ఇప్పుడు తప్పని చెప్తే నా ఉద్యోగం మాటేమిటి? ఆదివారం విమానం ఎక్కేస్తావు, ఊరుకో" అన్నాడు. ఫోను చేద్దామంటే తోట ఆఫీసు మూసేశారు, పొద్దున్నే నేనే వెళ్లి చెప్తానన్నాను. "వాణ్ని వెళ్లనివ్వండి, ఆ తోటమాలికీ పిల్లలుంటారు" అంది అక్క.

శుక్రవారం పొద్దున్నే మళ్లీ టాక్సీ. సెలవు రోజు కావడంతో అయిదుగురు నిండేసరికి తొమ్మిదయింది. పక్కన కూర్చున్న మలయాళీ కుర్రవాడు అల్ ఐన్‌లో చూడదగ్గవి ఏమున్నాయని అడిగాడు. నేను టైమెంతయిందని అతన్నే తిరిగి అడిగాను.

నేను వెళ్లేసరికి తోటలో వెదురు లేదు. మొదళ్లు మాత్రం మిగిలాయి, గోతిలోంచి పొగ వస్తోంది. ముదీర్ ఇంటి అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. నిలబడే చెప్పాను: అది తెగులు కాదు, పసుపు. మా దేశంలో గాయానికీ గడపకీ రాసేది. మొక్కకు హాని లేదు, తప్పు నాది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. కోపం తెచ్చుకుంటే నాకు నయంగా ఉండేది.

"డాక్టర్, అతనిదీ మీ భాషే కదా. నిన్న ఎందుకు అడగలేదు?"

తల వంచుకున్నాను.

"వెదురు ఖలాస్" అన్నాడు ముదీర్. "పాండాలు కూడా ఖలాస్. పోచయ్యను నిన్న సాయంత్రమే మఫ్రఖ్ క్యాంపుకు పంపాం, వీసా రద్దు చేసి ఇంటికి పంపించడానికి."

అతన్ని పంపవద్దని చేతులు పట్టుకుని బతిమాలాను. ఆయన లోపలికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు, చాలాసేపు అరబ్బీలో మాట్లాడాడు. తిరిగొచ్చి, "ఇంటికి పంపరు. కాని తోటలోకి రానివ్వరు, అర్బాబ్ కంట పడకూడదు. పైపులు వేసే పనిలో ఉంటాడు" అన్నాడు. అంతవరకే దక్కింది.

తిరుగు టాక్సీని మఫ్రఖ్ దగ్గర ఆపమంటే డ్రైవరు విసుక్కున్నాడు. అడిగి అడిగి షెడ్డు పట్టుకున్నాను. పోచయ్య బయట స్టవ్ మీద పప్పు వండుతున్నాడు. నన్ను చూసి లేచి, డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు. మొదటిసారి అతనితో తెలుగులో మాట్లాడాను. జరిగిందంతా చెప్పాను, అతను పని చేసేది ఇక పైపుల దగ్గరని కూడా చెప్పాను. వింటూ పప్పు కలిపాడు.

"ఆకులకు పేనుబంక వట్టి నల్లగ మసి అయితుండె సారు. వారం వారం తుడుస్తుంటి. మొన్న మీరొస్తుండ్రని మెట్‌పల్లి పక్కన మా ఇంటికాడి పసుపు నీళ్లల్ల కలిపి తుడిసిన, మంచిగ కనవడాలె అని" అన్నాడు. ఆగి, "గా మసితోని తింటె ఆ ఎలుగుబంటికి ఏమన్న అయితుండెనా?" అని అడిగాడు.

"ఏమీ కాదు. అడవిలో బూజుతోనే తింటుంది."

"అయితె నేను ఉత్తగనె తుడిసిన."

"లేదు పోచయ్యా. మసి కమ్మితే ఆకుకు ఎండ అందదు. నువ్వు తుడవబట్టే ఆ ఇసుకలో వెదురు బతికింది."

ఆ ప్రయాణం మొత్తంలో నేను చెప్పిన సరైన మాట అదొక్కటే. పోచయ్య స్టవ్ తగ్గించాడు.

"గా మాట అక్కడ చెప్తె అయితుండె గద సారు."

ముదీర్‌తో మళ్లీ మాట్లాడతానని, అర్బాబ్‌నే కలుస్తానని ఏదేదో అన్నాను. అతను గాభరాగా చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సారు, మీకు దండం వెడ్త. ఇగ నా గురించి ఎవలకు ఏం చెప్పకుండ్రి. ఉన్న పని గూడ పోతది." అన్నం తిని పొమ్మన్నాడు. తిన్నాను. పప్పు బాగుంది.

ఆదివారం రాత్రి విమానం ఎక్కాను. బావ ఉద్యోగం నిలబడింది, నాతో మాత్రం ఎయిర్‌పోర్టు దాకా ముభావంగానే ఉన్నాడు. బొంబాయి రైల్లో ఎదుటి సీటు పెద్దాయన దుబాయ్‌లో ఏం చూశారని అడిగితే, ఖర్జూరపు తోటలు చూశానన్నాను.

అల్ ఐన్ చూడదగ్గ ఊరే, వెళ్లండి. దారిలో మఫ్రఖ్ దగ్గర దిగి, మెట్‌పల్లి పక్క పోచయ్య ఎలా ఉన్నాడో కనుక్కోండి. తెలుగులోనే అడగండి. నా పేరు మాత్రం చెప్పకండి.