పెయ్య తినాల్సిన దాణా

ఈ మధ్య గద్వాలలో కుట్టించే చొక్కాలకు గుండీలు నెల తిరక్కుండానే రాలిపోతున్నాయి. యుద్ధం వల్ల అంటాడు దర్జీ. యుద్ధం ఎక్కడో జరుగుతుంటే దారం ఇక్కడెందుకు తెగుతుందో నాకు అంతుపట్టలేదు. అయినా గుండీల సంగతి ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. నేను ఏళ్లుగా మోస్తున్న బరువు అలాంటిది కాదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

నేను పట్నంలో చదువు ముగించి ఊరికొచ్చిన ఏడాది వానలు ముఖం చాటేశాయి. మా పెయ్యదూడ ఒకటి మా ఊళ్లోనే బాలమ్మ దగ్గర పాలుకు ఉండేది. అంటే ఆమె మేపాలి, దాణా మేము పంపాలి, తొలి ఈత దూడ ఆమెది. భర్త పోయి, పిల్లలు లేని ఆ మనిషికి ఆశ పెట్టుకోవడానికి మిగిలింది ఆ పుట్టని దూడే.

దాణా మోసుకెళ్లే పని నాది. నాకేమో ఒక కోడెదూడ ఉండేది. బీచుపల్లి జాతరలో నలుగురూ ఆగి దాన్ని చూడాలని నా కోరిక. చదువుకున్నవాడికి ఇంకాస్త పెద్ద కోరిక ఉండవలసింది, కానీ అప్పటికి నాకు దొరికింది అదే. నానబెట్టిన పత్తిగింజలూ గానుగచెక్కా దానికి పెట్టేసి, బాలమ్మకు తవుడు మాత్రం ఇచ్చేవాణ్ణి. మా నాన్న ఈ ఏడు ఇంతే ఇమ్మన్నాడని చెప్పాను. నమ్మింది. మా ఇంటికొచ్చి అడిగే మనిషి కాదు.

కోడె నిగనిగలాడింది. పెయ్యకు ఎముకలు మాత్రం బాగా కనిపించసాగాయి. సాటి పెయ్యలు ఎదకు వచ్చి చూడి కట్టినా అది దూడలాగే ఉండిపోయింది. పెరిగే వయసులో కడుపు మాడితే ఒళ్లూ ఎదగదు, ఎదకూ రాదు. ఇది నాకు తెలియదా? తెలుసు. ఊరికి మాత్రం మేము దాణా నిండుగా పంపుతున్నామనే తెలుసు. అందుకని తప్పు బాలమ్మ చేతి మీదికి పోయింది. గొడ్డుచెయ్యి, అది తాకితే ఏదీ ఈనదు అన్నారు. ఏరువాక నాడు ఆమె మా ఎద్దులకు భక్ష్యాలు తినిపించబోతే, మా అమ్మే పక్కకు నిలబడమంది. ఆ భక్ష్యం నా కోడె తిన్నది. దాని పగ్గం పట్టుకుని నేను నిలబడ్డాను. నోరెందుకు విప్పలేదు? భయమా? భయమైతే కాస్త గౌరవంగా ఉండేది. జాతర ఇంకా రాలేదు, అంతే.

కానీ మర్నాటి నుంచి గంపలో ఉండాల్సింది ఉండసాగింది. మా నాన్న మనసు మారిందన్నాను. పెయ్య ఒళ్లు నిండింది, వెంట్రుక మెరిసింది. పై వానాకాలం ఎదకు వచ్చింది, తర్వాత ఈనింది. ఆడదూడే. ఘనత ఎవరో కట్టిన తాయెత్తుకు పోయింది. తాయెత్తుతో నేను వాదించలేదు. జాతరలో నా కోడెను ఒకరిద్దరు ఆగి చూశారు, దారికి అడ్డంగా ఉందని.

ఇప్పుడు బాలమ్మ కొట్టంలో మూడు ఆవులు. అయినా ఊళ్లో ఎవరి ఆవు ఈనబోయినా ఆమెను దగ్గరికి రానివ్వరు.

మొన్న వెళ్లి చెప్పాను. కొత్త పెయ్యకు పత్తిగింజలు కలుపుతోంది.

"అక్కా, ఆ ఏడు మా నాయిన తక్కువియ్యమనలే. నేనే కోడెకు వెట్టిన."

ఆమె చెయ్యి ఆగింది. "మరి గిన్నేండ్లు నేను నా చెయ్యినే సూస్కుంట కూసుంటి గద తమ్మీ."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పని కూడా ఆమె మీదే పడుతుంది. అయినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఛాతీలో ఏదో వదులైంది, ఊపిరి చాలా ఏళ్ల తర్వాత కిందిదాకా పోయింది. ఆమె మళ్లీ తొట్టిలో చెయ్యి పెట్టింది. పెయ్య ఆ చేతిని నాకుతూ తిన్నది.

"నా చెవుల ఊదితె ఏమొస్తది?" అంది బాలమ్మ. "నన్ను గొడ్డుచెయ్యి అన్నోళ్లకు చెప్పు, పో."