బాబాయ్ బ్యాటరీ పరీక్ష

మా బాబాయ్ రిటైరయ్యేదాకా ఒక కంపెనీలో ఫిర్యాదుల విభాగం చూశారు. ఏ వస్తువు పాడైనా తప్పు కొన్నవాడిదేనని తేల్చి పంపడం అక్కడ ఆయన పని. ఉద్యోగం అయిపోయింది గానీ పని మాత్రం ఆపలేదు, ఇంటికి తెచ్చుకున్నారు.

వాళ్ళ పాత కారు పొద్దున్నే స్టార్ట్ కాదు. తాళం తిప్పితే టకటకమని చప్పుడు చేసి, లోపలి లైట్లు నీరసంగా వెలిగి ఆరిపోతాయి. దాన్ని నడిపేది పిన్ని. ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. తెల్లారేసరికే అక్కడ జనం పరగడుపున కూర్చుని ఉంటారు. ఆకలి మీదున్న మనిషికి సహనం ఎక్కడిది? వాళ్ళ ఫిర్యాదులు మేనేజరమ్మ దాకా వెళ్ళాయి. "ఇంకొక్కసారి లేటయితే మీ సీట్లో ఇంకొకరుంటారు" అని ఆవిడ మొహమ్మీదే చెప్పేసింది. ఆ ఇల్లు నడిచేది పిన్ని జీతం మీదే. మేడమీద గదిలో ఉంటున్న పాపానికి కారు తోసేది నేను.

బాబాయ్ రంగంలోకి దిగారు. బ్యాటరీ టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్ళు పోసి, పాత టూత్‌బ్రష్‌తో తోమారు. అది పాతది కాదని పిన్నికి మర్నాడు పళ్ళు తోముకోబోతే తెలిసింది. మీటరు కొని, ఇంజన్ నడుస్తుండగా కొలిచి, "ఛార్జింగ్ బ్రహ్మాండంగా ఎక్కుతోంది" అని ప్రకటించారు. దొంగచాటుగా కరెంటు తాగేదెవరో పట్టుకుందామని ఇంజన్ ఆపి ఒక్కో ఫ్యూజూ పీకి చూశారు. ఎవరూ తాగట్లేదు. ఆఖరికి కొత్త బ్యాటరీ వేయించారు. అదీ వారం తిరక్కుండానే చతికిలబడింది.

వస్తువులన్నీ నిర్దోషులని తేలాక పిన్ని మిగిలింది.

"నువ్వు డిక్కీ సరిగ్గా మూయవు. లోపల లైటు తెల్లార్లూ వెలుగుతూంటుంది" అన్నారు.

"మూసే వస్తున్నానండీ."

"మూశాననుకుంటావు."

ఆ రోజు నుంచి పిన్ని డిక్కీని ధడేల్మని వేసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి తట్టి చూసుకునేది. తనని తనే అనుమానించుకుంటున్న ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక సాయంత్రం మేడమీద బట్టలు తీస్తుంటే కింద కారు బుర్రుమని ఆగింది. మళ్ళీ బుర్రుమంది, మళ్ళీ ఆగింది. తొంగి చూస్తే డ్రైవరు సీట్లో బాబాయ్. స్టార్ట్ చేయడం, తృప్తిగా తలాడించడం, ఆపడం. మధ్యలో హెడ్‌లైట్లు వేసి గోడ మీద వెలుతురు చూసుకోవడం కూడాను. పరుగున వెళ్ళి వంటింట్లో ఉన్న పిన్నిని పిలుచుకొచ్చాను.

"ఏం చేస్తున్నారు?" అంది పిన్ని.

"టెస్టింగ్. పొద్దున్న నువ్వు ఇబ్బంది పడకూడదని రోజూ ఈ టైముకి చూస్తుంటాను. ఒక్కసారి స్టార్టయితే నమ్మడానికి లేదు కదా, పదిసార్లు చూస్తాను."

"చేసి ఎంతసేపు ఉంచుతారు?"

"ఉంచడమెందుకు, పెట్రోలు దండగ! వెంటనే ఆపేస్తాను."

స్టార్ట్ చేసిన ప్రతిసారీ బ్యాటరీ కొంత ఖర్చవుతుందనీ, అది మళ్ళీ నిండాలంటే ఇంజన్ కాసేపు తిరగాలనీ, ల్యాబ్ దాకా ఉన్న ఆ కాస్త దూరం అందుకు చాలదనీ నాకు చెప్పింది ఎవరనుకున్నారు? ఆయనే. బోలెడుసార్లు చెప్పారు. ఆయన మాత్రం వినలేదు.

పిన్ని తాళం కోసం చెయ్యి చాచింది. అప్పుడు వెలిగింది బాబాయ్‌కి. తాళం ఆవిడ చేతిలో పెట్టేశారు.

కానీ ఆనాటి పరీక్షలు అప్పటికే జరిగిపోయాయి కదా. మర్నాడు పొద్దున్న మళ్ళీ టకటక. నేను తోశాను. బాబాయ్ కూడా తోశారు, మొదటిసారి. ఇంజన్ అందుకున్నాక ఇద్దరం వెనక సీట్లో పడ్డాం. ల్యాబ్‌కి చేరేసరికి పిన్ని సీట్లో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. పక్కన మేనేజరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

పిన్ని నోరు తెరిచేలోపు బాబాయ్ ముందుకెళ్ళారు.

"తప్పు ఆవిడది కాదమ్మా, నాది. రోజూ బ్యాటరీ చంపుతున్నది నేను. ఆవిడ డిక్కీ సరిగ్గానే మూస్తుంది."

"డిక్కీ ఏంటండీ?" అంది మేనేజరమ్మ. పరగడుపు జనమంతా బాబాయ్ వైపే చూస్తున్నారు. ఆయన చెమటలు కక్కుతూ మొత్తం మొదటినుంచీ చెప్పారు, టూత్‌బ్రష్‌తో సహా. వినలేక మేనేజరమ్మ ఆ అమ్మాయిని లేపి, "మీరు వెళ్ళి కూర్చోండి, ముందు ఈయన్ని పంపించండి" అంది పిన్నితో.

పిన్ని గ్లవ్స్ తొడుక్కుంటూ ఎవరి వంకా చూడలేదు. సాయంత్రం నేనడిగితే చెప్పింది.

"చూస్తే అక్కడే ఏడ్చేసేదాన్నిరా. పెళ్ళయినప్పటి నుంచీ నా తప్పు కాదని ఆయన అనడం ఇదే మొదలు."